పాన్ దె ముయెర్తో చేస్తానన్న సింధుకి

సింధూ,

నీ మెసేజ్ చూశాను. మెక్సికో వాళ్లు పోయినవాళ్లని తలుచుకునే నవంబరు 2న, తమ ఇంట్లో వాళ్ల ఫోటోలతో అలంకరించి పెట్టే ఒఫ్రెండా అనే బల్ల మీద మీ అమ్మమ్మ, అంటే మా అమ్మ ఫోటో కూడా పెట్టుకోమని మీ పక్కింటావిడ అడిగిందంటే, నిన్ను ఇంటిమనిషిని చేసుకున్నట్టే. అలాంటి చోటికి ఉత్తచేతుల్తో వెళ్లకూడదు. టెక్సస్‌లో, మీ శాన్ ఆంటోనియోలో ఈ పాన్ దె ముయెర్తో, అదే ఆ రోజుకి చేసే తియ్యటి బ్రెడ్డు, కొనుక్కోవడం పెద్ద పనేం కాదు. కానీ నువ్వు ఇంట్లోనే చేస్తానన్నావు కాబట్టి, మెక్సికోలో, గ్వాదలహారాలో ఉన్న తొమ్మిదేళ్లలో నేను తగలేసిన మైదా అంతా నీకైనా పనికొస్తుందని రాస్తున్నా.

ముందు కొలతలు. మైదా అర కిలో, పంచదార 100 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు చెంచాడు, గుడ్లు మూడు, విడిగా ఇంకో పచ్చసొన, గోరువెచ్చని పాలు 120 మిల్లీలీటర్లు, మెత్తబడ్డ వెన్న 120 గ్రాములు. మీ దగ్గర బ్రెడ్ ఫ్లోర్ అని అమ్మేది తీసుకుంటే ఇంకా మంచిది. వాసన కోసం రెండు కమలాల తొక్క తురుము, చెంచాడు అనీస్ గింజలు, రెండు మూడు చెంచాల అగువా దె అసార్, అంటే నారింజపూల నీళ్లు. తొక్క తురిమేటప్పుడు కింద తెల్లటి పొర రాకుండా చూసుకో, చేదొస్తుంది. అనీస్ దొరక్కపోతే మన సోంపు కచ్చాపచ్చాగా దంచి వెయ్యి, ఎవరూ తప్పు పట్టరు. పూల నీళ్లు మాత్రం మానకు. అరబ్బుల సరుకుల కొట్లో దొరుకుతాయి. అవి లేకపోతే అది ఉత్త తియ్య బన్ను.

ఇక అసలు సంగతి. వెన్న తప్ప అన్నీ కలిపి పది నిమిషాలు పిసికాక, వెన్న కొద్దికొద్దిగా వెయ్యాలి. ఒక ముక్క కలిసిపోయాకే ఇంకో ముక్క. అప్పుడు ముద్ద జారిపోతుంది, వేళ్లకి, బల్లకి, గాజులకి అంటుకుంటుంది. అంతా పాడైపోయిందనిపిస్తుంది. అక్కడే నేను మొదటి ఏడాది గుప్పెడు మైదా జల్లాను, ఇంకా అంటుకుంటోందని మరో గుప్పెడు. చివరికి పొయ్యిలోంచి బయటికొచ్చింది రోకలిబండ. అది చూసి మా ఇంటి ఓనరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మా అమ్మ బొబ్బట్లకి మైదా కలపడం నీకు గుర్తుందా? జావలా ఉంది, ఇంకాస్త పిండి వెయ్యమ్మా అంటే కసిరేది. చేతికి నూనె రాసుకోవే, పిండి జల్లకు అనేది. ఇక్కడా అదే. చేతికి కాస్త వెన్న రాసుకుని ఇంకో పది, పదిహేను నిమిషాలు పిసుకు. చిన్న ముక్క తీసి సాగదీస్తే తెగకుండా, వెలుతురు కనిపించేంత పల్చగా రావాలి. మిషనుంటే దానికే అప్పజెప్పు, భుజాలు మిగుల్తాయి.

మూత పెట్టి రెట్టింపయ్యేదాకా వదిలెయ్. ఎన్ని గంటలని అడక్కు. గ్వాదలహారా సముద్రమట్టానికి పదిహేను వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంటుంది, అక్కడ పిండి తొందరగా పొంగేది. మీ ఊళ్లో ఎక్కువ టైము పట్టొచ్చు. ఇడ్లీ పిండికి గడియారం చూస్తామా ఏంటి? పొంగాక ఓ రాత్రి ఫ్రిజ్‌లో పెడితే వాసన పడుతుంది, మర్నాడు చేతికి లొంగుతుంది కూడా.

తరవాత ఐదో వంతు ముద్ద పక్కకి తీసి, మిగతాది రెండు ఉండలు చేసి ట్రేలో దూరదూరంగా పెట్టి కాస్త అదుము. ఆ తీసిన ముద్దకి మాత్రం రెండు చెంచాల మైదా కలుపు. ఈ బ్రెడ్డంతటికీ పొడి పిండి జల్లేది అక్కడొక్కచోటే. ఎందుకంటే అవి ఎముకలు, ఆకారం నిలవాలి. తాడులా పాముతూ, వేళ్లు ఎడంగా పెట్టి నొక్కితే మధ్యమధ్యలో కణుపులు వస్తాయి. ఒక్కో ఉండ మీద రెండు తాళ్లు అడ్డంగా, నిలువుగా వేసి గుడ్డు సొనతో అతికించు. నడిమధ్యన చిన్న గోళీ, అది పుర్రె. ఆ ఎముకల్ని కన్నీళ్లనే వాళ్లూ ఉన్నారు. మెక్సికోలోనే ఓహాకా వైపు అయితే ఎముకలుండవు, పైన చిన్న బొమ్మ ముఖం గుచ్చుతారు.

మళ్లీ ముప్పావు గంట, గంట పొంగనిచ్చి, పైన సొన పూసి, 180 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చు. మీ పొయ్యి మీద ఫారన్‌హీట్ ఉంటే 350. పైన తొందరగా ఎర్రబడితే రేకు కప్పు. రెండోసారి మరీ ఎక్కువ పొంగనిస్తే ఎముకలు పక్కకి జారిపోతాయి.

పంచదార వేడి మీద వెయ్యకు, కరిగి జిగటైపోతుంది. అరగంట పైనే ఆరనిచ్చి, కరిగించిన వెన్న పూసి అప్పుడు జల్లు. మామూలు పంచదారే, పొడి చెయ్యకు.

రెండో ఉండ గురించి ఒక మాట. అమ్మ గుడ్డు ముట్టేది కాదు. ఆవిడ ఫోటో ముందు గుడ్లేసిన బ్రెడ్డు పెట్టడం నాకు మనసొప్పదు. ఓపికుంటే సగం కొలతతో విడిగా ఒకటి చెయ్యి. పావు కిలో మైదాకి పాలు 120 మిల్లీలీటర్లు, కమ్మటి పెరుగు రెండు చెంచాలు, పైన సొన బదులు పాలు. రంగు తగ్గుతుంది, అంత తేలిగ్గానూ ఉండదు, కానీ తినొచ్చు. నీకంత తీరిక లేకపోతే పక్కింటావిడకి ఒక్కటే చేసుకుని వెళ్లు, అమ్మకి రెండు అరటిపళ్లు పెట్టు.

ఒఫ్రెండా నిండా బంతిపూలుంటాయి, చూసి ఆశ్చర్యపోకు. ఆ పువ్వు పుట్టిల్లు మెక్సికోయే, మనకి అక్కణ్నించే వచ్చింది. వాళ్లు సెంపసూచిల్ అంటారు. ఆ బ్రెడ్డు వేడి చాక్లెట్‌లో ముంచుకుని తినాలి. దాన్ని అరచేతుల మధ్య మోలినీయో తిప్పుతూ నురగ తెప్పిస్తారు, అచ్చం మన కవ్వమే. ఆవిడ చేతికిస్తే సిగ్గుపడకుండా తిప్పు.

అమ్మ ఫోటో వాట్సాప్‌లో పంపుతున్నా. నా పెళ్లిలోది కాదు, పెరట్లో స్టీలు గ్లాసు పట్టుకుని నించున్నది. పక్కన ఓ గ్లాసు కాఫీ పెట్టు. పంచదార ఒకటిన్నర చెంచా.

మీ పిన్ని