దద్దుర్లకూ గుండె రక్తనాళాలకూ సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 54. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉంది. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే తిరుపతిలో స్టెంట్ వేశారు. చాలా ఏళ్లుగా నాకు దద్దుర్లు వస్తూ పోతూ ఉంటాయి, సెట్రిజిన్‌తో తగ్గుతాయి. దద్దుర్లు తెప్పించే మాస్ట్ కణాల ఎంజైములే రక్తనాళాలనూ దెబ్బతీస్తాయని మా అబ్బాయి ఫోన్‌లో చదివి చెప్పాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ట్రిప్టేజ్ పరీక్ష చేయించుకోమంటారా? రోజూ సెట్రిజిన్ వేసుకుంటే గుండెకు మంచిదా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ అబ్బాయి చదివింది అబద్ధం కాదు. అయితే దానికోసం మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

దద్దుర్లు ఉన్నప్పుడు చేతిమీద గోటితో గీస్తే కొందరికి కాసేపటికి ఆ గీత ఎర్రగా ఉబ్బుతుంది. అది చర్మంలోని మాస్ట్ కణాల, అంటే అలర్జీ తెప్పించే రోగనిరోధక కణాల పని. ఈ కణాలు రక్తనాళాల గోడల్లోనూ ఉంటాయి. వీటి లోపలి రేణువులు బయటపడితే హిస్టమిన్ వస్తుంది, దురద దానివల్లే. దానితోపాటు ట్రిప్టేజ్, కైమేజ్ అనే ఎంజైములూ వస్తాయి.

గుండె రక్తనాళంలో పేరుకున్న కొవ్వుమీద కొలాజెన్ పొర ఒకటి కప్పినట్టు ఉంటుంది. మీ ఊరి చెరువు కట్టనే తీసుకోండి. వానకు చెరువు నిండినా గట్టి కట్ట నిలుస్తుంది, ఎలుకలు బొరియలు పెట్టిన చోట తెగుతుంది. ఈ ఎంజైములు చేసేది ఆ బొరియల పనే. కొలాజెన్‌ను కొరికే వేరే ఎంజైములకు ఊపిరి పోస్తాయి, పొరను తయారుచేసే కండర కణాలను చంపుతాయి. మంచి కొలెస్ట్రాల్‌లోని ప్రోటీన్‌నూ కైమేజ్ ముక్కలు చేస్తుంది. పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది, అదే గుండెపోటు. ఫిన్లాండ్‌లో పెట్రి కోవనెన్ బృందం 1995లో గుండెపోటుతో చనిపోయినవారి రక్తనాళాలను పరిశీలించి, పొర దెబ్బతిన్న చోటే ఈ కణాలు గుంపుగా చేరి ఉన్నాయని చూపింది.

ఇక మీ సంగతి. ట్రిప్టేజ్ పరీక్ష తీవ్రమైన అలర్జీనో, మాస్ట్ కణాలు మితిమీరి పెరిగే జబ్బునో పట్టుకోవడానికి పనికొస్తుంది. మీ గుండె రక్తనాళంలో పూడిక ఎలా ఉందో అది చెప్పదు, డబ్బు దండగ. సెట్రిజిన్ హిస్టమిన్‌ను అడ్డుకుంటుందే తప్ప ఈ ఎంజైములను ఆపదు. దురదకు వేసుకోండి, గుండె కోసం వద్దు. ఆ పొరను గట్టిపరిచే మందు మీ చేతిలోనే ఉంది: రాత్రి వేసుకునే స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర. చెడు కొలెస్ట్రాల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి. బీడీ, సిగరెట్ ఉంటే ఇవాళే మానేయండి.

మీరు అడగని మాట ఒకటి. స్టెంట్ తర్వాత దద్దుర్లు ఎక్కువయ్యాయా? స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ కొందరికి దద్దుర్లను పెంచుతుంది. అలాగని సొంతంగా మాత్ర ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. గుండె డాక్టరుకే చెప్పండి.

అలర్జీ ఉధృతంగా వచ్చినప్పుడు గుండె రక్తనాళం బిగుసుకుపోవడం, గడ్డకట్టడం అరుదుగా జరుగుతుంది. గ్రీసు డాక్టరు నికోలస్ కూనిస్ 1991లో దీన్ని వివరించారు. స్టెంట్ ఉన్నవారిలోనూ ఇలా జరిగిన సందర్భాలున్నాయి. తోటలో కందిరీగ కుట్టాక గానీ, కొత్త మందు వేసుకున్నాక గానీ దద్దుర్లతోపాటు ఛాతీ పట్టేసినా, చెమటలు పోసినా, ఊపిరి ఆడకపోయినా సెట్రిజిన్ మింగి చూద్దామని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, స్టెంట్ ఉందనీ ఏం కుట్టిందో, ఏ మందు వేసుకున్నారో వచ్చినవాళ్లకు చెప్పండి.