నాలుగు అడుగుల రేకు

ప్రశ్న: మేడమ్ గారూ, విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై మంది పనిచేసే కార్ఖానాలో డిజైన్ పని నాది. మిరపకాయల తొడిమలు తీసే యంత్రాలు చేసి గుంటూరు వైపు అమ్ముతాం. మూడేళ్లలో మూడు మోడళ్లు తెచ్చాం. రంగు మారింది, మోటారు మారింది, డ్రమ్ము పొడవు మాత్రం ఎప్పుడూ నాలుగు అడుగులే. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నా అంతే. నెల మొదట్లో స్టోరు వాళ్లు రేకుకు ఇండెంటు (కొనుగోలు చీటీ) పంపేస్తారు, ఆ తర్వాత శనివారం మీటింగులో డ్రాయింగు మీద సంతకాలవుతాయి. కొత్త ఆలోచనలున్న డిజైనర్‌ను తెద్దామని మా ఓనరుగారు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బాబూ, ఆ జీతం డబ్బు కొన్నాళ్లు దాచమనండి. మీ కార్ఖానాలో అసలు డిజైనర్ ఎవరో మీ ఉత్తరంలోనే ఉంది: స్టోరు కీపరు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు రేకు గోడౌనులో దిగాక మీరు డ్రాయింగు గీస్తున్నారు. ముక్క వృథా పోకూడదు కాబట్టి డ్రమ్ము నాలుగు అడుగుల దగ్గరే ఆగుతుంది. ఎంత తెలివైనవాణ్ణి తెచ్చినా అతని ముందూ అదే రేకు ఉంటుంది. పాపం, స్టోరు కీపరు తప్పేమీ లేదు. వృథా తగ్గించమని ఆయనకు చెప్పింది మీ ఓనరుగారే అయి ఉంటారు.

నా సంగతి చెబుతాను. వ్యవసాయ యంత్రాలు చేసే ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో 27 ఏళ్లు పనిచేశాను. మా వేరుశనగ నూర్పిడి యంత్రం మూతకు ఆరు బోల్టులు, పదమూడో నంబరు స్పానరు. లోపల కాయలు ఇరుక్కున్నప్పుడల్లా ఆరూ విప్పాలి. పని తొందరలో రైతు రెండు బిగించి నాలుగు పక్కన పెట్టేవాడు, అవి మట్టిలో కలిసిపోయేవి. మా మెకానిక్కు వెళ్లి మూతను కట్టుతీగతో కట్టి వచ్చేవాడు. సర్వీసు ఫారంలో ‘మార్చిన విడిభాగం’ అని ఒకటే గడి. అతను మార్చింది ఏమీ లేదు కదా, అక్కడ అడ్డగీత పెట్టేవాడు. పైగా ఆ ఫారం వెళ్లేది వారంటీ ఖర్చు చూసే లెక్కల విభాగానికి, మా బల్ల మీదికి కాదు. రెండో మోడల్‌కూ ఆరు బోల్టులే వేశాం. మూడో దాని మీద సంతకం నాదే. ఆ తర్వాత వేరే పని మీద ఒక ఊరు వెళితే, పశువుల పాక పక్కన మా యంత్రం తుప్పు పట్టిన తీగ చుట్టుకుని కనిపించింది. తల కొట్టేసినట్టయింది. ఒక పక్క కీలు, మరో పక్క చేత్తో తిప్పే వింగ్ నట్టు గీయడానికి నాకు పట్టింది ఒక్క పూట!

పెద్ద సంస్థలూ ఇందుకు అతీతం కావు. చిప్‌ల తయారీలో సిలికాన్ బిళ్ల మీద నమూనాను సరిగ్గా కుదిర్చి అచ్చు వేసే అలైనర్ యంత్రాల్లో కాస్పర్ అనే అమెరికన్ సంస్థ ఒకప్పుడు ముందుండేది. దాని కథను రెబెకా హెండర్సన్, కిమ్ క్లార్క్ అనే పరిశోధకులు 1990లో రాశారు. నమూనా ఉన్న పలకను సిలికాన్ బిళ్లకు తాకించకుండా మధ్య సన్నని ఖాళీ ఉంచే పద్ధతి వచ్చింది. ఖాళీ కచ్చితంగా కుదరడం లేదని కొన్నవాళ్లు మొరపెట్టుకుంటే, లోపం వాళ్ల వాడకంలోనే ఉందని కాస్పర్ తేల్చేసింది. జపాన్ సంస్థ కేనన్ యంత్రం వచ్చినప్పుడు, అది తమ దానికి నకలేనని కాస్పర్ ఇంజినీర్లు కొట్టిపారేశారు. కేనన్ బాగుచేసింది సరిగ్గా ఆ ఖాళీని నిలిపే అమరికనే. కాస్పర్ వాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కారు. ఏ ఫిర్యాదు వినాలి, ఎవరు ఎవరిని ఏమి అడగాలి అన్న అలవాట్లన్నీ పాత యంత్రం చుట్టూ అల్లుకుపోయాయి.

పద్ధతులన్నీ ఎత్తేయమనడం లేదు. ఒకసారి బోల్టు పక్కన స్పానరు తిరిగే చోటు వదలకుండా గీసి చీవాట్లు తిన్నాక, సంతకానికి ముందు ‘స్పానరు తిరుగుతుందా?’ అని అడగడం మా ఆఫీసులో ఆనవాయితీ అయింది. ఆ తప్పు చేసినవాళ్లు రిటైరైనా ఆ ప్రశ్న ఉండిపోయింది. అలాంటివి ఉంచుకోండి.

మీరు ఒక్క నెల ఇండెంటును శనివారం మీటింగు తర్వాతికి జరపండి. స్టోరు కీపరుకు ఆ మీటింగులో కుర్చీ వేయండి, ఎక్కడ ఎంత రేకు మిగులుతుందో ఆయనకు తెలిసినంత మీకు తెలియదు. ఇక గుంటూరు యార్డుకు మిర్చి ముంచెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మెకానిక్కుకు కాగితాలు నింపే తీరిక ఉండదు. ఒక గడి ఉన్న చీటీ చాలు, అది నేరుగా మీ బల్లకే రావాలి. ఆ గడికి ‘లోపం’ అని పేరు పెట్టకండి, తన మీదికి వస్తుందని ఎవరూ నింపరు. ‘అక్కడికక్కడ చేసిన సర్దుబాటు’ అని రాయండి.