కంప్యూటర్ సందేహాలు: ఐకాన్ల పరిమాణం వేరు, ఎడం వేరు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా ఇంటి కంప్యూటరులో డెస్క్‌టాప్ మీది ఐకాన్లు ఒకనాడు ఉన్నట్టుండి అరచేయంత పెద్దవైపోయాయి. మా మనవడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏదో తగ్గించాడు. ఐకాన్లు కొంత తగ్గాయి కాని, అప్పటి నుంచి ఏది తెరిచినా అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. మళ్లీ మొదటి స్థితికి తెచ్చుకోవడం ఎలా?
(తెనాలి పాఠకుడు)

జవాబు: మీ కంప్యూటరులో జరిగినవి రెండు వేర్వేరు మార్పులు. మొదటిది మీ చేతిలోనే, మీకు తెలియకుండా జరిగి ఉంటుంది. కంట్రోల్ మీట మీద వేలు ఉండగా మౌస్ చక్రం తిరిగితే డెస్క్‌టాప్ ఐకాన్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. విండోస్ విస్టా నాటి నుంచి ఈ ఏర్పాటు ఉంది. రెండవది మీ మనవడు చేసినది. ఆయన ఐకాన్లను కాక, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోని స్కేల్‌ను, బహుశా 125 శాతం నుంచి 100 శాతానికి, తగ్గించారని మీ వర్ణనను బట్టి అనుకుంటున్నాను. స్కేల్ అనేది అక్షరాలు, మెనూలు, కిటికీలు, ఐకాన్లు అన్నిటినీ కలిపి మార్చే కొలత కాబట్టి, ఒక్క ఐకాన్ల కోసం దాని జోలికి వెళ్లడం చెప్పు కరిచిందని కాలు కోసుకోవడం వంటిది.

ముందుగా సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిచి స్కేల్‌ను పాత అంకెకు పెంచండి. ఆ తరువాత డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, వ్యూ అనే వరుసలో మీడియం ఐకాన్స్ ఎంచుకోండి. చిన్నవి 32, మధ్యరకం 48, పెద్దవి 96 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) ఉంటాయి. ఐకాన్లు సరిపోయినా అక్షరాలు ఇంకా పెద్దవి కావాలనిపిస్తే విండోస్ 11లో యాక్సెసిబిలిటీ కింద టెక్స్ట్ సైజ్ అని ఉంది. అక్కడ అక్షరాలను మాత్రమే 225 శాతం దాకా పెంచుకోవచ్చు.

ప్రశ్న: మా డీటీపీ కేంద్రంలో ఖాతాదారుల ఫైళ్లను తెలుగు పేర్లతో డెస్క్‌టాప్ మీదే ఉంచుతాము. పేర్లు సగంలో తెగి చివర మూడు చుక్కలు వస్తున్నందున ఏది ఎవరిదో తెలియడం లేదు. ఐకాన్లను పెద్దవి చేయకుండా, వాటి మధ్య ఎడం మాత్రమే పెంచే వీలుందా? విండోస్ 7లో ఉండేదని గుర్తు. ఇప్పుడు వాడుతున్నది విండోస్ 11.
(వరంగల్ పాఠకుడు)

జవాబు: మీ గుర్తు సరైనదే. విండోస్ 7లో విండో కలర్ కింది అడ్వాన్స్‌డ్ అప్పియరెన్స్ పెట్టెలో అడ్డం ఎడానికి ఒకటి, నిలువు ఎడానికి ఒకటి చొప్పున రెండు అంకెలు ఉండేవి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ పెట్టెను తీసివేశారు. పెట్టె పోయింది కాని ఆ విలువలు మాత్రం విండోస్ తన సెట్టింగ్స్‌ను దాచుకునే రిజిస్ట్రీలో నేటికీ ఉన్నాయి. పనికివచ్చే ఏర్పాటును ఇలా అటక ఎక్కించడం ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

స్టార్ట్ మెనూలో రిజిస్ట్రీ ఎడిటర్ అని వెతికి తెరవండి. ఎడమ వైపు శాఖలలో వరుసగా హెచ్‌కీ కరెంట్ యూజర్, కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్, విండోమెట్రిక్స్ అనే పేర్ల మీదుగా లోపలికి వెళ్లండి. ఏదీ ముట్టుకోకముందే ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ ద్వారా ఆ శాఖకు నకలు తీసి ఉంచుకోండి. పొరపాటు జరిగితే ఆ నకలు మీద డబుల్ క్లిక్ చేసి పాత విలువలను తిరిగి తెచ్చుకోవచ్చు. కుడి వైపున ఐకాన్‌స్పేసింగ్ అన్నది అడ్డం కొలత, ఐకాన్‌వర్టికల్‌స్పేసింగ్ అన్నది నిలువు కొలత. రెండింటిలోనూ మామూలుగా -1125 అని కనిపిస్తుంది.

ఈ వింత అంకెను చూసి చాలామంది బెదిరి వెనక్కి వస్తారు కాని, పాయింట్లతో రోజూ పనిచేసే మీకు దీని లెక్క తేలికగానే పట్టుబడుతుంది. అంగుళానికి 72 పాయింట్లు, పాయింటుకు 20 ట్విప్‌లు, అంటే అంగుళానికి 1440 ట్విప్‌లు. విండోస్ అంగుళానికి 96 పిక్సెళ్లని లెక్క వేస్తుంది కనుక పిక్సెలుకు 15 ట్విప్‌లు వస్తాయి. 1125ను 15తో భాగిస్తే 75 పిక్సెళ్లు. ముందున్న ఋణ చిహ్నం ఈ కొలత ట్విప్‌లలో ఉందనడానికి గుర్తు; దానిని చెరపకూడదు. ఇంకొక సంగతి, ఈ 75 రెండు ఐకాన్ల నడుమ ఖాళీ కాదు, ఒక్కొక్క ఐకానుకు కేటాయించిన గడి మొత్తం కొలత. పాత పెట్టెలో 43 అని కనిపించేది ఖాళీ మాత్రమే. దానికి 32 పిక్సెళ్ల ఐకాను కలిస్తే 75 అవుతుంది.

మీకు పేర్లు తెగిపోవడమే చిక్కు కాబట్టి అడ్డం కొలతనే పెంచండి, నిలువును అలాగే వదిలేయండి. నేనైతే 100 పిక్సెళ్లతో, అంటే -1500తో మొదలుపెడతాను. 120 పిక్సెళ్లు కావాలంటే -1800 రాయాలి. అయితే 1920 పిక్సెళ్ల వెడల్పు తెర మీద 75 లెక్కన 25 నిలువు వరుసలు పట్టేచోట 120 లెక్కన 16 నిలువు వరుసలే పడతాయి. డెస్క్‌టాప్ నిండా ఫైళ్లున్న మీకు అది ఇరుకు కావచ్చు. -480 నుంచి -2730 వరకు ఉన్న హద్దును దాటవద్దు. అంకె మార్చాక సైన్ అవుట్ చేసి మళ్లీ సైన్ ఇన్ అయితే తప్ప మార్పు కనిపించదు. ఐకాన్లు చెదిరితే తిరిగి సర్దుకోవలసి వస్తుంది కనుక, ముందే డెస్క్‌టాప్‌ను ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. వ్యూ వరుసలో ఎలైన్ ఐకాన్స్ టు గ్రిడ్ ఎంచుకుని ఉండాలన్నది మరువకండి. అది లేకపోతే ఐకాను ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది, గడికి అర్థమే ఉండదు.

ప్రశ్న: మాక్‌లో కూడా ఇంత తతంగం ఉంటుందా?
(విశాఖపట్నం విద్యార్థిని)

జవాబు: ఉండదు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి షో వ్యూ ఆప్షన్స్ తెరిస్తే ఐకాన్ సైజ్, గ్రిడ్ స్పేసింగ్ అని రెండు జారుడు మీటలు పక్కపక్కనే కనిపిస్తాయి. జరిపిన వెంటనే మార్పు తెర మీద తెలుస్తుంది. పేర్లను ఐకాను కిందకు బదులు కుడి పక్కన చూపించే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. పొడవైన తెలుగు పేర్లు పెట్టేవారు దానిని ఒకసారి వాడి చూడవచ్చు.