ఏటివైపు నుంచి రాయి

కర్నూలు

నాయనా, ఆశీస్సులు.

నీ కథ పోయిన వారమే అందింది. మొదటి పేజీ చదివి పక్కన పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత మనసొప్పక మళ్లీ తీశాను. ఆ మొదటి పేజీలో కొండారెడ్డి బురుజు ఉంది, బురుజు ముందు రెండు జీపులు ఉన్నాయి, జీపుల్లో కొడవళ్లు ఉన్నాయి. నువ్వు పుట్టి పెరిగింది బుధవారపేటలోనని ఉత్తరంలో రాశావు. ఇన్నేళ్లలో ఆ జీపులు నీకు ఎన్నిసార్లు ఎదురయ్యాయి?

పదకొండో పేజీలో వరద రాత్రి వచ్చింది. ‘అందరం మిద్దె ఎక్కాం. అవ్వ బియ్యం డబ్బా కోసం మళ్లీ కిందికి దిగింది’ అని రాశావు. అక్కడ కాగితాలు కింద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంత మాట రాయగలిగినవాడు బురుజు దగ్గర ఎందుకు మొదలుపెట్టాడన్న కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కర్నూలును ఏటివైపు నుంచి రాయాలి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే ఇది కందెనవోలు, కందనవోలు అయిందని పెద్దలు చెబుతారు. అందులో నిజమెంతో పరిశోధకులు తేల్చుకోనీ. ఒక ఊరు తన పేరు బండి ఇరుసు నుంచి వచ్చిందని తరతరాలుగా చెప్పుకుంటోంది. నాకు అంతకంటే గొప్ప వంశవృక్షం అక్కర్లేదు.

బురుజును వద్దనడం లేదు. విజయనగర కాలపు కోటలో మిగిలిన ముక్క అది. అయితే ఆ కోట అక్కడే ఎందుకు లేచింది? తుంగభద్రలో హంద్రీ కలిసే చోటు కనుక. 1618లో పోయిన ఇక్కడి పాలకుడు అబ్దుల్ వహాబ్‌కు గోల్ గుమ్మజ్ అనే సమాధి కట్టిందీ హంద్రీ ఒడ్డునే. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఈస్టిండియా కంపెనీ సైన్యానికి చిక్కిన జోహరాపురం కూడా హంద్రీ పక్కనే. నువ్వు రోజూ ముక్కు మూసుకుని దాటే ఆ మురుగు వంతెన కిందే ఇదంతా జరిగింది. నీ కథలో హంద్రీ పేరు ఒక్కసారి కూడా రాలేదు.

రాజధాని పోయిందని రెండు పేజీలు దుఃఖించావు. 1953 అక్టోబరు 1న నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించింది ఇక్కడే. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మూడేళ్లు తిరిగి ఒక నెల గడిచేసరికి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఆ బాధ నాకూ ఉంది. కానీ కోస్తా, సీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక చదివావా? తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో సీమకు ముందు చోటు ఇవ్వాలన్న మాట అందులో ఉంది. రాజధాని గురించి కన్నీళ్లు పెట్టుకునే వాళ్లు కోకొల్లలు. ఆ నీళ్ల మాటను కథలోకి తెచ్చేవాళ్లే కనబడరు.

నా రెండో కథ సంగతి చెబుతాను. ఎండాకాలం హంద్రీ ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకునే ముసలాయన కథ అది. ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. సీమ కథలో పగ లేకపోతే ఎవరు చదువుతారని అడిగాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆత్రం నాది. ముసలాయనకు ఒక పగ అతికించాను, చేతికి కొడవలి ఇచ్చాను. కథ అచ్చయింది. మా అమ్మకు చదువు రాదు, చదివి వినిపించాను. అంతా విని, ‘ఆయన బిందె మోయడానికే అలసిపోయేవాడు కదా, కొడవలి ఎప్పుడు పట్టాడు?’ అంది. ఆ కథను ఈనాటికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఆ సంపాదకుణ్ణి క్షమించనూ లేదు.

ఇప్పుడు మరో మోజు వచ్చింది. ఉగ్గాని, బజ్జీ, జొన్నరొట్టె వరుసగా వడ్డిస్తే సీమ కథ అయిపోతుందట. నీ కథలో ఉగ్గాని మూడుసార్లు వచ్చింది. ఒక్కసారైనా ఎవరికీ ఆకలి వేయలేదు.

2009 అక్టోబరు 2న నేనూ ఈ ఊళ్లోనే ఉన్నాను. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారే పొంగాయి. మూడో రోజు ఇంటికి తిరిగి వస్తే నా ఇనుప పెట్టె నిండా బురద. చేత్తో రాసుకున్న నవల, నాలుగు వందల పేజీలు, నీలం ముద్దయిపోయింది. మా ఆవిడ ఒక్కో కాగితం విడదీసి బేతంచెర్ల బండల మీద ఆరబెట్టింది. అక్షరం మిగలలేదని తెలిసినా రెండు రోజులు అదే పని చేసింది. ఆ నవల నేను మళ్లీ రాయలేదు. ఆమె వేళ్లు కాగితాలను విడదీసిన తీరు రాయాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు.

వేసవి రాగానే తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్టలో నీళ్లెన్ని ఉన్నాయని లెక్కపెట్టుకునే ఊరు, ఒక్క రాత్రిలో మిద్దెల దాకా మునిగింది. ఇంత కథ నీ కళ్లముందే జరిగితే కొడవలి ఎందుకు నాయనా?

మాండలికం గురించి అడిగావు. అవ్వను అవ్వలాగే మాట్లాడనివ్వు. పోటీలు, ప్రచురణకర్తల సంగతి మరోసారి రాస్తాను.

మొదటి పది పేజీలు తీసెయ్. ఒక సాయంత్రం హంద్రీ తుంగభద్రలో కలిసే చోటికి నడిచి వెళ్లు, వచ్చాక కూర్చుని రాయి. ఇంకొకటి. అవ్వ కిందికి దిగిందన్నావు, తర్వాతి వాక్యంలోనే తెల్లారిపోయింది. ఆమె ఆ డబ్బాతో మెట్లెక్కిందా? ఎవరు చెయ్యి అందించారు? బియ్యం తడిశాయా? అది రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.