తక్కువ బడ్జెట్‌లో నమ్మకమైన డీజే మిక్సర్ ఏది తీసుకోవాలి?

బడ్జెట్ తక్కువైతే ఊరూపేరూ లేని కొత్త 4 ఛానెల్ (ఒకేసారి నాలుగు చోట్ల నుంచి పాటలు తీసుకుని కలిపే) మిక్సర్ కంటే, మంచి కంపెనీది 2 ఛానెల్ మిక్సర్ సెకండ్‌హ్యాండ్‌లో అయినా తీసుకోవడమే మేలు. ఎందుకంటే మిక్సర్‌లో ముందు పాడయ్యేది ఫేడర్లే (సౌండ్ పెంచి తగ్గించడానికి జరిపే మీటలు), మామూలు ఫేడర్ లోపల సన్నటి ట్రాక్ మీద కాంటాక్ట్ రాసుకుంటూ జరుగుతుంది కాబట్టి వాడేకొద్దీ అది అరిగి, దుమ్ము చేరి కరకరమని చప్పుడొస్తుంది, అప్పుడు స్పేర్ దొరికే మోడలైతే ఫేడర్ ఒక్కటీ మార్పించుకుంటే సరిపోతుంది, లేకపోతే మొత్తం పక్కన పడేయాల్సిందే.

ఉదాహరణకి పయనీర్ డీజేఎమ్-250 ఎమ్‌కే2 చూడండి, రెండే ఛానెల్స్, కానీ క్రాస్‌ఫేడర్ (ఒక పాట నుంచి ఇంకో పాటకి మారడానికి అడ్డంగా జరిపే మీట) మ్యాగ్నెటిక్ టైప్ కాబట్టి అరుగుదల చాలా తక్కువ, లాప్‌టాప్‌కి కలపడానికి కావాల్సిన సౌండ్ కార్డ్ కూడా లోపలే ఉంటుంది. పాతది కొనేటప్పుడు మాత్రం రెండు ఛానెల్స్‌లో రెండు పాటలు పెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని క్రాస్‌ఫేడర్‌ని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి జరపండి, మధ్యలో గరగర రాకూడదు, పూర్తిగా ఒక పక్కకి నెట్టాక రెండో పాట సన్నగా కూడా వినపడకూడదు. వెనక ఆర్‌సీఏ పిన్నులు (ఆడియో కేబుళ్ళు గుచ్చేవి) కాస్త కదిపి చూడండి, ఒక పక్క సౌండ్ పోయి వస్తుంటే వదిలేయండి.

చాలామంది ఛానెల్స్, ఎఫెక్ట్స్ ఎక్కువుంటే మంచి మిక్సర్ అనుకుంటారు, అది తప్పు. రెండు డెక్‌లతో (పాటలు ప్లే చేసే మెషీన్లతో) వాయించేవాళ్ళకి రెండు ఛానెల్స్ చాలు, అదే రేటులో నాలుగు ఇస్తున్నారంటే చాలాసార్లు ఫేడర్లు, నాబ్‌ల క్వాలిటీలోనే కోత పెట్టి ఉంటారు.