ఇన్‌స్టాలర్‌లో మిగిలిపోయిన పేర్లు

తమ్ముడూ,

నువ్వు పంపిన తెలుగు నిఘంటువు ఇన్‌స్టాలర్‌ని రాత్రి నా పాత లాప్‌టాప్‌లో ఎక్కించి చూశాను. రెండు అక్షరాలు కొట్టేసరికే మాట దొరుకుతోంది. చాలా బాగా చేశావు. తర్వాత అలవాటు కొద్దీ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరిచాను. నీ ప్రోగ్రామ్, కొన్ని డీఎల్ఎల్‌లు (ఇతరులు రాసిన లైబ్రరీల కోడ్ ఉన్న ఫైళ్లు), రెండు తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటిని రాసినవాళ్ల పేర్లు, షరతులు ఉండే లైసెన్స్ ఫైలు మాత్రం ఒక్కటీ లేదు.

లైసెన్సులన్నీ గిట్‌హబ్‌లో, నా కోడ్ ఉంచిన సైట్‌లో, పెట్టాను కదన్నా అంటావు. నీ ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి బడిలో కంప్యూటర్లన్నిటికీ ఎక్కించే టీచర్‌ గిట్‌హబ్ ఎందుకు చూస్తారు? ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చే ఓపెన్ సోర్స్ కోడ్‌కి ఉండే లైసెన్సుల్లో, ఎంఐటీ లైసెన్స్ పెట్టే షరతు ఒక్కటే. కాపీరైట్ వాక్యం, అనుమతి పాఠం ప్రతి కాపీలోనూ ఉండాలి. బీఎస్‌డీ లైసెన్స్ అయితే బైనరీ (కంపైల్ చేసిన ప్రోగ్రామ్) గురించి విడిగానే చెబుతుంది: దాంతో ఇచ్చే డాక్యుమెంట్లలోనో మరోచోటో ఆ పాఠం కనబడాలి. ఏళ్ల తరబడి రాసిన కోడ్‌ని ఊరికే ఇచ్చేసి, నా పేరు ఉంచండి చాలు అన్నవాళ్లు వీళ్లు. ఆ ఒక్కటీ మనం ఎగ్గొట్టకూడదు.

ఇన్‌స్టాలర్ తయారుచేయడానికి నువ్వు వాడిన ఇన్నో సెటప్‌లో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. స్క్రిప్టులో ‘లైసెన్స్‌ఫైల్’ అని రాస్తే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ పాఠం తెరమీద కనిపిస్తుంది, అంతే. ఫైలు డిస్కు మీదకి రాదు. సైలెంట్‌గా, అంటే ఏమీ అడగకుండా జరిగేలా, ఇన్‌స్టాల్ చేస్తే ఆ తెర కూడా రాదు. ‘ఫైల్స్’ సెక్షన్‌లో విడిగా ఒక లైను రాస్తేనే ఫోల్డర్‌లోకి చేరుతుంది.

అపాచీ 2.0 లైసెన్స్ కింద ఉన్న లైబ్రరీతో ఇంకొంచెం జాగ్రత్త. లైసెన్స్ కాపీ ఎలాగూ ఇవ్వాలి. దాంతోపాటు నోటీస్ ఫైలు వచ్చి ఉంటే, అందులో నువ్వు వాడుకున్న భాగానికి చెందిన పేర్లు కూడా నీ ప్యాకేజీలో వెళ్లాలి. రాకపోతే నువ్వు కొత్తగా పుట్టించక్కర్లేదు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. జావాలో పనిచేసే రోజుల్లో ఎనిమిది జార్ ఫైళ్లను (జావా కోడ్‌ని మూటకట్టే ఫైళ్లు) కలిపి ఒకటే జార్ చేశాను. అన్నిట్లోనూ మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లో నోటీస్ అనే ఒకే పేరుతో ఫైలుంది. ఒకదాని మీద ఒకటి పడి చివరికి ఒక్కటే మిగిలింది. బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే పని) మాత్రం ఏ ఎర్రరూ లేకుండా పూర్తయింది. కొన్ని నెలలకి, అలా పేర్లు పోయిన ఏడు లైబ్రరీల వాళ్లలో ఒకాయన మెయిల్ రాశారు. కోపం లేదు, బెదిరింపు లేదు. నా పేరు ఎక్కడా కనబడలేదు, ఒకసారి చూస్తారా అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలా మర్యాదగా తేలనివీ ఉన్నాయి. అమెరికాలో బొమ్మ రైళ్లను నడిపే జేఎంఆర్‌ఐ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఫైళ్లను ఒకాయన తన సాఫ్ట్‌వేర్‌లో వాడుకున్నాడు. రాసినవాళ్ల పేర్లు, కాపీరైట్ వాక్యాలు తీసేశాడు. జాకబ్సన్ వర్సెస్ కాట్జర్ కేసు అదే. ఇలాంటి షరతులు ఉత్త మాటలు కావని, వాటిని తప్పితే కాపీరైట్ ఉల్లంఘన కిందికి రావచ్చని 2008లో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది.

నీ ఫాంట్లు రెండూ ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) కింద ఉన్నవే. తెలుగు గుణింతాలు, ఒత్తులు ఒక్కొక్కటీ కూర్చుని గీసినవాళ్ల పని అది. ఫాంట్ల పక్కనే వాటి లైసెన్స్ పాఠం పెట్టు. తెలుగులో వివరణ రాయాలనిపిస్తే వేరే ఫైలులో రాయి, అసలు పాఠంలో ఒక్క అక్షరం కూడా మార్చకు. అన్నిటినీ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే దాచు, లేకపోతే కొందరి పేర్లలో అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి.

లైబ్రరీ వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఈ ఫైళ్లు మళ్లీ చూసుకో. బిల్డ్ అయ్యాక నీ ప్రోగ్రామ్ ఎప్పుడూ ఎక్కించని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఫోల్డర్ తెరిచి నీ కళ్లతో చూడు. కొత్తది ఆదివారంలోగా పంపితే నేనూ చూస్తాను.

ఇట్లు,
మీ అన్నయ్య