పూసిన కుండీలు చూసి పర్సు తీయకండి, తమ్ముడూ

తమ్ముడూ, మీ ఉత్తరం చదువుతుంటే మా మొదటి ఇల్లే కళ్ల ముందు కదిలింది. వేసవంతా తోట కళకళలాడిందని, చలిగాలి మొదలవగానే వెలవెలబోయిందని, పక్కింటి తోట మాత్రం అప్పుడే ఎర్రగా, ఊదాగా వెలిగిపోతోందని రాశారు. ఏ మొక్కలు కొనాలో చెప్పమన్నారు. చెప్తాను. కానీ ముందు డబ్బు సంగతి మాట్లాడుకోవాలి. కొత్త ఇంట్లోకి వచ్చినవాళ్లు అప్పు కట్టుకుంటూ, మిగిలిన నాలుగు డబ్బుల్నీ తీసుకెళ్లి నర్సరీలో పోసి వస్తుంటే నాకు మనసొప్పదు. నేనూ అలా పోసినదాన్నే.

మొదటి ఏడాది సెప్టెంబరులో నర్సరీ గుమ్మం ముందే చామంతి కుండీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆకు కనపడకుండా, గుండ్రంగా, బంతుల్లా పూసి ఉన్నాయి. పన్నెండు తెచ్చి మెట్లకి అటూ ఇటూ పెట్టాను. మూడు వారాలు మురిసిపోయాం. పూలు మాడాక, వచ్చే ఏడు మళ్లీ పూస్తాయి కదా అని నేలలో నాటాను. చలి పోయాక ఒక్కటీ చిగురించలేదు. తవ్వి చూస్తే వేళ్లు ఇంకా కుండీ ఆకారంలోనే ముద్దగా ఉన్నాయి. పక్క మట్టిలోకి ఒక్క పోగైనా పోలేదు. పూత మీదున్న మొక్క బలమంతా పూలకే పెడుతుంది, చలి వచ్చేలోపు వేరు పట్టడానికి దానికి వ్యవధి ఉండదు. ఇది తెలియక మరుసటి ఏడు మళ్లీ కొన్నాను, ఆ పై ఏడూ కొన్నాను. ఒకే రంగుకి మూడుసార్లు డబ్బు కట్టానన్నమాట.

నాలుగో ఏడు బుద్ధి తెచ్చుకుని, చలికి తట్టుకునే రకం చామంతి చిన్న మొక్కలు నాలుగే నాలుగు వసంతంలో నాటాను. పూలు లేని మొక్క కాబట్టి చవకగా వచ్చింది. అర అడుగు పెరగగానే కొసలు తుంచాను, పక్క కొమ్మలు వచ్చాక వాటి కొసలూ తుంచాను. జులై మొదట్లో ఆపేశాను. ఆ తర్వాత తుంచితే మొగ్గలే పోతాయి. మూడు దుబ్బులు విరగబూశాయి. నాలుగోది మాత్రం ఒక్క మొగ్గ లేకుండా పచ్చగా నిలబడింది. ఎరువులు మార్చాను, మట్టి మార్చాను. చివరికి కారణం ఏమిటంటే, అది గుమ్మం లైటు కింద ఉంది, ఆ లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. చామంతి రాత్రులు పొడుగవుతున్నాయని తెలుసుకుని మొగ్గ వేస్తుంది. చీకటే లేకపోతే దానికి ఇంకా వేసవే. అక్టోబరు మొదట్లో లైటు ఆర్పడం మొదలుపెడితే మొగ్గలైతే వచ్చాయి కానీ, విచ్చుకునేలోపే మంచుకి నల్లబడ్డాయి. ఆ దుబ్బుని పది అడుగులు జరిపాను, ఇప్పటికీ పూస్తోంది. (దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు నేను చెప్పే నెలల్ని ఆరు నెలలు జరిపి చదువుకోవాలి.)

చామంతి తర్వాత నా డబ్బుకి పూర్తి విలువ ఇచ్చింది సెడం అనే పూల మొక్క. ‘ఆటమ్ జాయ్’ అన్న రకం అడగండి. ఆకులు దళసరిగా, మైనం పూసినట్టు ఉంటాయి. వేసవి చివర లేత ఆకుపచ్చ గుత్తులు వేస్తుంది. అవి గులాబీ రంగుకి, తర్వాత ఇటుక ఎరుపుకి, చివరికి రాగి రంగుకి తిరుగుతాయి. నీళ్లు పెద్దగా అడగదు. ఎరువు ఎక్కువేస్తే మధ్యలోంచి విచ్చుకుని పడిపోతుంది, అదొక్కటే జాగ్రత్త. వేసవి మొదట్లో జానెడు కొమ్మ విరిచి, కింది ఆకులు తీసేసి మట్టిలో గుచ్చితే వేరు పడుతుంది. నేను కొన్నది ఒక్క మొక్క. ఇప్పుడు దారి పొడవునా పదిహేడున్నాయి. ఊదారంగు పూల ఆస్టర్ మొక్కలూ అంతే. రెండు మూడేళ్లకోసారి వసంతంలో దుబ్బు తవ్వి, పారతో నాలుగు ముక్కలు చేసి నాటుకోవడమే. వాటి కింది ఆకులు ఎండిపోతాయి కాబట్టి ముందు వరసలో సెడం పెడితే ఆ మోడు కనపడదు.

ఇంక ఆకుల రంగు. ఇక్కడ మాత్రం నా లెక్క తిరగబడుతుంది. పూల మొక్కలు వసంతంలో కొనండి, ఎర్ర ఆకుల చెట్లు, పొదలు ఆకులు రాలే కాలంలోనే కొనండి. మేపుల్ అని, రాలే ముందు ఆకు రంగు మారే చెట్టు ఉంది. విత్తనం నుంచి పెంచిన మేపుల్ మొక్కల్లో ఒకటి ఎర్రగా తిరుగుతుంది, దాని తోడుదే నీరసంగా పసుపెక్కుతుంది. రంగు తిరిగినప్పుడు కళ్లతో చూసి ఏరుకోవాలి. సీజన్ చివర నర్సరీలు ధర తగ్గిస్తాయి కూడా. అప్పటికి నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది కాబట్టి, గడ్డకట్టే చలికి ఆరు వారాల ముందు నాటితే వేరు పడుతుంది. నీడలో మాత్రం పెట్టకండి. పసుపు రంగు ఆకులో ముందునుంచే ఉంటుంది, పచ్చదనం పోగానే బయటపడుతుంది. ఎరుపు చాలావరకు అప్పటికప్పుడు తయారవుతుంది, దానికి పగలు ఎండ, రాత్రి చల్లదనం కావాలి. నేను ఓక్‌లీఫ్ హైడ్రేంజియా అనే పొదని గోడ నీడలో పెట్టి మూడేళ్లు చూశాను, రంగు వెలవెలబోతూనే ఉంది. పొద్దుటి ఎండ తగిలేచోటికి మార్చాక ద్రాక్షరంగు వచ్చింది. జపనీస్ మేపుల్ మీద మనసు పడ్డారని రాశారు. అందమైనదే, కాదనను. కానీ ఖరీదు, ఎదుగుదల మెల్లగా, మధ్యాహ్నపు ఎండకి ఆకు అంచులు మాడిపోతాయి. మీ తోటలో ఎండ ఎటు తిరుగుతుందో ఒక ఏడాదైనా చూడకుండా అంత డబ్బు పెట్టకండి.

ఎర్రటి పళ్ల పొద కావాలంటే వింటర్‌బెర్రీ బాగుంటుంది, ఆకులన్నీ రాలాక కూడా రంగు నిలుస్తుంది. అందులో మగ మొక్క, ఆడ మొక్క వేరు. ఒక్కటే కొని పళ్ల కోసం కాచుకున్న ఏళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఒకే సమయంలో పూసే మగ మొక్క ఒకటి దగ్గర్లో ఉంటే కొన్ని ఆడ మొక్కలకి సరిపోతుంది. బర్నింగ్ బుష్, బార్బెర్రీ లాంటి ఎర్ర రంగు పొదలు అడవుల్లోకి పాకుతున్నాయని కొన్నిచోట్ల నిషేధించారు. మీ ప్రాంతం జాబితా, మొక్క లేబుల్ మీద చలి జోన్ (ఎంత చలి ఉండే ప్రాంతం దాకా అది బతుకుతుందో చెప్పే అంకె) మీరే చూసుకోండి, అయిదు నిమిషాల పని.

రాలిన ఆకుల్ని సంచుల్లో కట్టి రోడ్డు మీద పెడుతున్నానన్నారు. అయ్యో, వద్దు తమ్ముడూ. నేనూ ఆ సంచులు మోసి, వసంతంలో కంపోస్టు బస్తాలు కొనుక్కొచ్చేదాన్ని. గడ్డి కోసే మెషిన్‌ని ఆకుల మీదుగా రెండుసార్లు నడిపి, ఆ తురుముని మొక్కల మొదళ్ల చుట్టూ రెండు మూడంగుళాలు పరవండి, కాండానికి మాత్రం ఆనించకండి.

మీ వయసులో అందరికీ తొందరే, నాకు తెలుసు. ఈ ఏడే గుమ్మంలో రంగు కావాలంటే పాన్సీ పూల మొక్కలు ఒక్క కుండీ తెచ్చుకోండి, తేలికపాటి మంచుకి అవి తట్టుకుంటాయి. చామంతులకి వసంతం దాకా ఆగండి. ఈలోగా ఒకరోజు రాత్రి బయటికి వచ్చి, మీ గుమ్మం లైటూ వీధి లైటూ ఎంతదూరం పడుతున్నాయో చూసి, ఆ వెలుగు ఆగినచోట ఒక పుల్ల పాతి ఉంచండి.